అమ్మ బిగుసుకుపోకముందే క్లిక్

"ఇటు చూడండి" అన్నామంటే చాలు, మన పెద్దవాళ్లు పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. నెల రోజులుండి వాళ్లు ఊరెళ్లిపోయాక ఫోన్ తెరిస్తే వందల ఫోటోలుంటాయి, అమ్మ నవ్వే నవ్వు మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండదు. ఆ నవ్వు కోసమే కదండీ మన తాపత్రయమంతా!

ఈసారి మెరీనా బే అయ్యాక వాళ్లని క్రాంజీకి తీసుకెళ్లండి. 2016లో తెరిచిన క్రాంజీ మార్షెస్‌లో చిత్తడి నేల, గడ్డి, పిట్టలు, అంతే. మన చెరువుల్లో తిరిగే ఎర్రముక్కు నీలం నీటికోళ్లు అక్కడా ఉంటాయి. ఒక్కటి కనబడిందంటే నాన్నగారు వేలు చూపిస్తూ చిన్నప్పటి కబుర్లు మొదలెడతారు. మీరు ఐదారడుగులు పక్కకి జరిగి, ఆయన్ని మాట్లాడనిచ్చి తీయండి. పిట్టని కాదు, ఆయన్ని! ఒక్క క్లిక్‌తో ఆపకుండా వరసగా తీస్తే వాటిలో ఒకటైనా నిలుస్తుంది. అమ్మ చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. కమలాపండు ఒలుస్తున్న మనిషికి కెమెరా గుర్తుండదు.

ఉదయం ఏడున్నరకల్లా అక్కడుండాలి. ఇక్కడ ఏడాది పొడవునా ఏడు గంటల ప్రాంతంలోనే తెల్లవారుతుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడి కళ్ల కింద నీడలు, ఎంత అందమైన ముఖమైనా నీరసంగా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది. ఏసీ రైలు దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, ఐదు నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. (చీర చెంగు కూడా పనికొస్తుంది లెండి.)

క్రాంజీ యుద్ధ స్మారకం దగ్గర మాత్రం పద్ధతి వేరు. సమాధి కూడా దక్కని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి, వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. నాన్నగారు ఆ పేర్లు చదువుతుంటే వెనక నుంచి, చప్పుడు లేకుండా, ఒక్కటి తీసుకుంటే చాలు. పిల్లల్ని రాళ్ల మీద కూర్చోబెట్టి తీయకండి.

ఆ చుట్టుపక్కల పనిచేసే మన తెలుగు కుర్రాళ్లు కనిపిస్తే, చెప్పకుండా తీయడం నాకు నచ్చదు. "బాబూ, ఒక ఫోటో తీయనా?" అని అడగండి. మొదటి రెండూ బిగుసుకునే వస్తాయి, మాటల్లో పడ్డాక తీసిన మూడోది చూడండి. అది అతనికి పంపితే ఇంట్లో వాళ్లమ్మకి చూపించుకుంటాడు.

ఆ రాత్రే కూర్చుని మంచివి పది ఏరి ప్రింటు వేయించండి. వాళ్లు వెళ్లేటప్పుడు, తెచ్చిన పచ్చడి సీసాలు ఖాళీ చేసిన చోట సూట్‌కేసులో సర్దేయండి.