ముద్దుపళని పేరు చెప్పుటకు దగ్గేల?

మన సంఘ సభలలో దక్షిణాంధ్ర సాహిత్యమను మాట వచ్చినంతనే వక్తల కంఠము గంభీరమగును. తంజావూరి రఘునాథుడు, విజయరాఘవుడు, మధుర విజయరంగ చొక్కనాథుడు వరుసగా స్మరింపబడుదురు. ముద్దుపళని వంతు వచ్చునప్పటికి మాత్రము వారికి దగ్గు వచ్చును. "ఆడువారున్న సభ గదా" యని యొకరు, "ఆ గ్రంథము మన పిల్లలకు తగదు" అని వేరొకరు సెలవిత్తురు.

తగనిదేమో చూతము. ముద్దుపళని ప్రతాపసింహ మహారాజు (1739-1763) కాలమున తంజావూరి ఆస్థానమందలి విదుషి. ఆమె 'రాధికా సాంత్వనము'న రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకు పెండ్లిచేసి, పిమ్మట తన యెడబాటు నోర్వలేక కుందును. కన్నెపిల్ల దేహము స్త్రీ దేహముగా మారుట, ఆ మార్పును దగ్గరనుండి చూచిన పెద్దవయసు స్త్రీ తన కోరికను దాచుకొనకుండుట, ఈ రెండును ఆ కావ్యమునకు ప్రాణము. పురుషకవులు వెలుపలినుండి వర్ణించినదానిని ఈమె లోపలినుండి చెప్పెను.

1887 నాటి ముద్రణలో కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న పద్యములను, మరికొన్నింటిని తొలగించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో సరిచూచి, లోపించినవానిని చేర్చి, 1910లో మద్రాసు వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. ఇంచుమించు నూటయేబది యేండ్ల యెడమున నున్న యిద్దరు స్త్రీలు, ఒకరి ముఖము నొకరు చూడనివారు, కలసి చేసిన గ్రంథమిది. ఒకరు వ్రాసిరి, వేరొకరు దానికి పోయిన తలను తిరిగి నిలిపిరి.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇందలి పెక్కు భాగములు స్త్రీలు వినదగనివని యాక్షేపించిరి. పంతులుగారి సంస్కారాభిలాషను మేము శంకింపము. అయినను నాగరత్నమ్మగారు వేసిన ప్రశ్న నేటికిని నిలిచియే యున్నది: సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా? 'వైజయంతీ విలాసము' ముద్రణకు సమ్మతించినవారు పంతులుగారే గదా! దొరతనమువారు 1911లో ప్రతులను పట్టుకొనిరి. టంగుటూరి ప్రకాశముగారి ప్రభుత్వము నిషేధము నెత్తివేయుటకు 1947 రావలసివచ్చెను.

దొరల నిషేధము పోయినది. మన యిండ్లలోని నిషేధము పోలేదు. మన మధుర ఆస్థానమున సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'అహల్యా సంక్రందనము' వ్రాసెను. ఇంద్రుని మోహము, రాయియైన అహల్య, ఏది తక్కువ? దానిని మన పెద్దలు దగ్గకయే పేర్కొందురు. వ్రాసినవాడు పురుషుడు, అందును నాయకుడు!

ఇంక మన వీధుల సంగతి. కోయంబత్తూరునగాని మధురలోగాని ఆడపిల్ల సమర్తాడిన మంజళ్ నీరాట్టు పేరున పందిరి వేయుదురు, బిడ్డ ఛాయాచిత్రముతో నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టుదురు, ధ్వనివర్ధకములు మ్రోగును. ఆ పిల్ల దేహమున జరిగిన మార్పు వీధి కంతకును ప్రకటితమగును. ఆ పిల్ల కిష్టమా యని యడిగినవారు లేరు. అదే మార్పును గూర్చి ఒక స్త్రీ పద్యము చెప్పినచో అశ్లీలము! చందా వసూలుచేసి విందు పెట్టుటకు లేని సిగ్గు పుస్తకము తెరచునప్పుడు ఎక్కడనుండి వచ్చెను?

పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు పోయి తెలుగు కీర్తనలు పాడి వచ్చువారు మనలో పెక్కుమంది. వారు నమస్కరించు త్యాగరాజ సమాధి మందిరమును తన యార్జనతో కట్టించినది ఈ నాగరత్నమ్మగారే. ఆమె కట్టిన గుడి పవిత్రము, ఆమె అచ్చు వేయించిన పుస్తకము అపవిత్రమా?

మన చదువుకొన్న కుమార్తెలు ఈ కావ్యమును 2011లో వెలువడిన ఆంగ్లానువాదమున చదువవలసివచ్చుచున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టమును మనము నిందింతుము, నిందింపదగినదే. కాని ఇంట తెలుగు మాటాడుచు ఒత్తులు, గుణింతము నేర్పని తండ్రులు ఆ చట్టమునకు ముందును గలరు. తాతమ్మల మాటను పరభాషలో విని తెలిసికొనుటకంటె పేదరికము కలదా?

కావున రాబోవు మహిళా సభలో 'రాధికా సాంత్వనము'ను పీఠిక మొదలుకొని, ఏ పద్యమును దాటవేయక చదివింపవలెను. లిపి రానివారికి వచ్చినవారు చదివి వినిపింపవచ్చును. ఊరి కిద్దరైనను అట్టివారు ఇంకను దొరకుదురు. కూడదనువారు ముందుగా అందలి 584 పద్యములను చదివి వచ్చి, ఏ పద్యము ఎందుకు కూడదో సభలో నిలిచి చెప్పవలెను.