ఎలక్ట్రాన్‌ను చూసింది ఎవరు?

ఈ మధ్య ఏ ప్రవచనం విన్నా, ఏ ధ్యాన శిబిరం కరపత్రం తిరగేసినా ఎలక్ట్రాన్ తగులుతోంది. రెండు చీలికల ప్రయోగంలో మనిషి చూస్తే ఎలక్ట్రాన్ ఒకలా, చూడకపోతే మరోలా నడుచుకుంటుందట. కాబట్టి చైతన్యమే జగత్తుకు మూలమట. ఈ సంగతి మన ఋషులకు ఎప్పుడో తెలుసట! ఒక అమెరికన్ సినిమా చీలికల పక్కన కార్టూన్ కన్ను బొమ్మ పెట్టి మరీ ఈ ప్రచారం చేసింది. దాన్ని తీసినవాళ్ళు 'రాంథా' అనే ఆత్మ తన ఒంట్లోకి వస్తుందని చెప్పుకునే ఒకావిడ శిష్యులు.

అసలు ప్రయోగంలో ఏముందో చూద్దాం. 2013లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు 62 నానోమీటర్ల వెడల్పున్న రెండు చీలికల గుండా ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపారు. పడినవి పడినట్టు చుక్కలే. కానీ వేల చుక్కలు పోగయ్యేసరికి చారలు తేలాయి. చారలు అలల లక్షణం. ఎలక్ట్రాన్ ఏ దారిన వెళ్ళిందో ఆనవాలు మిగిలే ఏర్పాటు ఉంటే ఈ చారలు చెరిగిపోతాయి. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. పేచీ అంతా ఆ ఆనవాలు పట్టేది ఎవరన్న దగ్గరే.

దీనికి జర్మనీలోని టూబింగెన్‌లో సొన్నెన్‌టాగ్, హాసెల్‌బాఖ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగం చక్కటి జవాబు. వాళ్ళు చీలికల బదులు విద్యుదావేశం ఉన్న సన్నని తీగతో ఎలక్ట్రాన్ అలను రెండు దారులుగా విడదీశారు. ఆ రెండు దారులనూ ఒక సిలికాన్ పలక మీదుగా, కొన్ని మైక్రోమీటర్ల ఎత్తున పోనిచ్చి, మళ్ళీ కలిపారు. ఎలక్ట్రాన్ పైన పోతుంటే కింద పలకలోని ఆవేశాలు దానివెంట కదులుతాయి. పలకకు విద్యుత్ నిరోధం ఉంది కనుక ఆ కదలిక పలకలో కొంత అలజడి మిగులుస్తుంది. అదే దారి ఆనవాలు. పలకకు దగ్గరగా పోయేకొద్దీ చారలు మసకబారాయి. దూరం జరిపితే మళ్ళీ తేటపడ్డాయి. రెండు దారుల మధ్య ఎడం పెంచినా అవి మసకబారాయి.

"చివరికి ఆ చిత్రాన్ని మనిషేగా చూసింది?" అంటారు స్వాములు. చూశాడు. పలక దగ్గరున్నప్పుడూ చూశాడు, దూరంగా ఉన్నప్పుడూ చూశాడు. రెండుసార్లూ చూపు ఒకటే. మారింది పలకకూ ఎలక్ట్రాన్‌కూ ఉన్న దూరం. ఫలితం మారినప్పుడు, మారిన దాంట్లో కారణం వెతుకుతామా, మారని దాంట్లోనా? పోనీ సిలికాన్‌లోనూ చైతన్యం ఉందంటారా? దూరంగా ఉన్నప్పుడు కూడా అది ఆ పలకే కదా!

నోబెల్ గ్రహీత విగ్నర్ పేరు చెప్పి నోరు మూయించాలని చూసేవాళ్ళూ ఉన్నారు. 1961లో ఆయన చైతన్యానికి అలాంటి పాత్ర ఇచ్చిన మాట నిజం. తర్వాతి కాలంలో ఆయనే ఆ అభిప్రాయాన్ని వదులుకున్నారు. ఆ రెండో సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు.

ఒక్కో ఎలక్ట్రాన్ ఫలానా చోటే ఎందుకు పడుతుందన్న దానిమీద భౌతిక శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదం నడుస్తోంది. నడవనివ్వండి. తెలియనిచోట దేవుణ్ణి కూర్చోబెట్టడం పాత అలవాటే.

ఇదంతా వట్టి సిద్ధాంత చర్చ అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ 'చూపే ఎలక్ట్రాన్‌ను మార్చగలిగితే, నీ సంకల్పం నీ రోగాన్ని మార్చలేదా?' అన్నది వాళ్ళ తర్వాతి మాట. 'క్వాంటం వైద్యం' సరుకంతా దాని మీదే అమ్ముడవుతోంది. అది నమ్మి ఇన్సులిన్ మానేసిన మనిషికి జవాబుదారీ ఎవరు? ఈసారి మీ ఊళ్ళో ఎవరైనా ఎలక్ట్రాన్ కథ ఎత్తుకుంటే లేచి ఒక్క ప్రశ్న అడగండి: టూబింగెన్‌లో ఎలక్ట్రాన్‌ను చూసింది ఎవరు స్వామీ?