రెండు పడవలూ జతకడితే...

ఎండాకాలంలో కొబ్బరి మొక్కకు నీళ్లు ఎక్కువెందుకు పోయాలి? కోనసీమ పిల్లల్ని అడిగి చూడండి. ‘ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంది కదండీ’ అని ఠక్కున చెప్పేస్తారు. అదే పిల్లలకు పరీక్షలో ‘ట్రాన్స్‌పిరేషన్’ గురించి రాయమంటే? కలం ఆగిపోతుంది. తెలుగు పుస్తకంలోని ‘బాష్పోత్సేకం’ అన్నా అంతే! విషయం తెలియక కాదు, తెలిసింది రాసే భాష పట్టుబడక.

అమలాపురంలోనైనా అమెరికాలోనైనా రెండు భాషల మధ్య చదువుకునే పిల్లల సమస్య ఇదే. ఇంగ్లిషులో గలగలా మాట్లాడేస్తుంటే ఇక మార్కులకు ఢోకా లేదనుకుంటాం. కానీ ఆ రెండూ వేరంటారు కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్. అక్కడి వలస కుటుంబాల పిల్లలకు మాటలు రెండేళ్లలో వచ్చేస్తే, పాఠాల భాషలో తోటివారిని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పట్టిందట. చుట్టూ ఇంగ్లిషే వినిపించే చోటే అంత సమయం పడితే, బడి గంట కొట్టగానే తెలుగులోకి వచ్చేసే రాజోలు, కొత్తపేట పిల్లలను తొందరపెడితే ఎలా?

అలాగని అమ్మభాష అడ్డమేమీ కాదు. అమెరికాలో థామస్, కోలియర్ అనే పరిశోధకులు 1997లో వెల్లడించిన అధ్యయనం చెప్పిందీ అదే. ఇంటిభాషలో ఎక్కువకాలం చదువు సాగిన పిల్లలే పైతరగతుల్లో ఇంగ్లిషులోనూ రాణించారు. మలేసియా 2003లో లెక్కలు, సైన్సు బోధనను ఇంగ్లిషులోకి మార్చింది. గ్రామీణ విద్యార్థులు వెనకబడుతున్నారన్న ఆందోళనతో, 2012 నుంచి దశలవారీగా వెనక్కి తగ్గింది.

మన దగ్గర 2020-21లో ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అలాంటి పుస్తకం చేతిలో ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఇంట్లో. అమ్మానాన్నలకు ఇంగ్లిషు రాకపోయినా ఫర్వాలేదు. ‘ఇవాళ్టి పాఠం నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా’ అంటే చాలు. తన మాటల్లో చెప్పగలిగితే విషయం వచ్చేసినట్టే. తర్వాత దాని ఇంగ్లిషు పేరు, ఆపైన ఇంగ్లిషులో రెండు వాక్యాలు. చెప్పలేకపోతే? బట్టీ పట్టిందన్నమాట. అది మీడియం మార్చినంత మాత్రాన పోయే జబ్బు కాదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు పెద్దలు. నిజమే. కానీ రెండు పడవలూ జతకట్టి పైన బల్లలు పరిస్తే బండి కూడా గోదారి దాటుతుంది. లంకల్లో ఉండేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పాలా!