రెండు గీతల అర్థం మన భాషలో తెలియాలి

వేలి కొసన ఒక్క రక్తపు చుక్క, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఒక పట్టీ, ఇరవై నిమిషాల నిరీక్షణ. సిఫిలిస్ ఉన్నదేమో, హెచ్.ఐ.వి. ఉన్నదేమో ప్రాథమికంగా తెలుసుకోవడానికి నేడు ఇంతే చాలు. 1906లో వాసర్మన్ సిఫిలిస్‌కు తొలి రక్తపరీక్షను రూపొందించిన తరువాత దశాబ్దాల పాటు ఆ పని ప్రయోగశాల గోడల మధ్యనే సాగింది. ఇప్పుడది పల్లె దాకా వచ్చింది. రెండు వ్యాధులనూ ఒకే పట్టీ మీద పరీక్షించే కిట్లను గర్భిణులకు తొలి పరీక్షగా వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

సుఖవ్యాధుల మాట ఎత్తితేనే మన ఇళ్లలో తలుపులు మూసుకుంటాయి. కానీ ఇది మనకు దూరపు సంగతి కాదు. మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడినది 1986లో, చెన్నైలో. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ప్రారంభించినప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర ఉన్నాయి. మన పొలిమేరలకు ఇరువైపులా ఉన్న నేల అది.

సిఫిలిస్ సోకిన తల్లికి బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. చికిత్స అందకపోతే సగానికి పైగా కేసులలో ఆ కీడు బిడ్డకు చుట్టుకుంటుంది: గర్భస్రావం, మృతశిశువు, తక్కువ బరువు, పుట్టుకతోనే రోగం. దీనికి విరుగుడు అరుదైన మందేమీ కాదు, బెంజథైన్ పెనిసిలిన్ ఇంజక్షన్. ప్రసవానికి కనీసం నాలుగు వారాల ముందే చికిత్స మొదలు కావాలి. భర్తకూ పరీక్ష, అవసరమైతే చికిత్స జరగాలి. లేనిచో రోగం మళ్లీ ఆమెను చేరుతుంది.

పరీక్ష సులువే, ఫలితం చదవడమే జాగ్రత్తగా చేయవలసిన పని. పట్టీ మీద ఒక గీత పరీక్ష సరిగా జరిగిందని చెప్పేది. అది రాకపోతే మిగిలిన గీతలు ఎలా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు, మరో కిట్‌తో మళ్లీ చేయాలి. వ్యాధికి సంబంధించిన గీత ఎంత లేతగా ఉన్నా ఉన్నట్లే లెక్క. కిట్ మీద రాసిన గడువు దాటాక చూసిన గీతను నమ్మరాదు. చాలా కిట్లను 30 డిగ్రీలు మించని చోట నిల్వ చేయాలి. బళ్లారి ఎండలలో ఆ సంగతి మరచిపోవడానికి వీలులేదు.

గీతకు అర్థం రెండు వ్యాధులకూ ఒకటి కాదు. సిఫిలిస్ పట్టీ వెతికేది రోగకారక క్రిమిని కాదు, దానికి ఎదురుగా మన రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను. రోగం పూర్తిగా నయమైన తరువాత కూడా అవి చాలామందిలో జీవితాంతం నిలిచి ఉంటాయి. అందువల్ల ఏనాడో చికిత్స పొందిన స్త్రీకి సైతం గీత కనిపిస్తుంది. ఆ రోగం ఇప్పుడు ఉన్నదా, గతించినదా అని తేల్చడానికి వి.డి.ఆర్.ఎల్. లేదా ఆర్.పి.ఆర్. అనే మరో రక్తపరీక్ష కావాలి. ఈ తేడా తెలియక కోడలి శీలం మీద నింద వేసే ఇల్లు వైద్యశాస్త్రానికీ, న్యాయానికీ ద్రోహం చేస్తున్నట్లే. గర్భిణి విషయంలో మాత్రం రెండో పరీక్ష ఫలితం కోసం మొదటి ఇంజక్షన్‌ను ఆపి కూర్చోరాదు. ఇక హెచ్.ఐ.వి. విషయంలో ఒక్క గీతతో తీర్పు లేదు. మూడు వేర్వేరు పరీక్షలు ఏకీభవించిన తరువాతే మన దేశంలో నిర్ధారిస్తారు. సోకిన తొలి వారాలలో ఏ గీతా రాకపోవచ్చు కనుక అనుమానం ఉన్నవారు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఇంత వివరమూ ఆ తల్లికి ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? ఈ పత్రికకు సంబంధించిన ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. తమిళంలో సుఖవ్యాధులను 'పాల్వినై నోయ్' అంటారు. ఆ మాట విన్న తెలుగు ఇల్లాలికి పాల వల్ల వచ్చే జబ్బేమోనని తోచినా ఆశ్చర్యం లేదు. 'పాజిటివ్' అంటే మంచిదేనని సంతోషించి ఇంటికి వెళ్లే ప్రమాదం ఏ రాష్ట్రంలోనైనా ఉన్నది.

భాష అందనప్పుడు మధ్యవర్తి వస్తాడు. పక్క బల్ల మీది రోగి, వెంట వచ్చిన అత్తగారు, బడిలో ఆ రాష్ట్ర భాష నేర్చిన పన్నెండేళ్ల కొడుకు. తల్లికి వచ్చిన జబ్బు పేరు కొడుకు నోట పలికించడం కంటె క్రూరమైనది ఏమున్నది? ఆ గది దాటిన రహస్యం సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఈ భయంతోనే పరీక్షకు వెళ్లని వారు ఉంటారు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది పుట్టబోయే బిడ్డ.

చట్టం మన పక్షాన ఉన్నది. 2017లో పార్లమెంటు ఆమోదించి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదు. ఆ అంగీకారం తీసుకునే ముందు విషయాన్ని ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలని ఆ చట్టంలోని నిర్వచనమే పేర్కొంటున్నది. రెండు వ్యాధుల పట్టీలో హెచ్.ఐ.వి. కూడా ఉన్నది కనుక ఆ పరీక్షకూ ఇదే నియమం వర్తిస్తుంది. అర్థం కాని కాగితం మీద వేయించుకున్న వేలిముద్ర అంగీకారం కానేరదు.

హోసూరులో, కోలారులో, రాయగడలో, సిరోంచలో ఉన్న మన కుటుంబాలకు మా విజ్ఞప్తి ఇది. గర్భం నిలిచిన తొలి మాసాలలోనే పరీక్ష చేయించండి; ప్రభుత్వ కేంద్రాలలో అది ఉచితం. భార్యను ఒంటరిగా పంపక భర్త కూడా వెళ్లాలి. తెలుగులో చెప్పమని అడగండి. అది దయ కోరడం కాదు. తెలుగు వచ్చిన నర్సులూ, ఆశా కార్యకర్తలూ మన ఊళ్లలో ఉన్నారు. వారిని సలహా గదిలో కూర్చోబెట్టమని, సలహా పత్రాలను తెలుగులో అచ్చు వేయించమని మన సంఘాలు జిల్లా వైద్యాధికారులకు వినతిపత్రాలు ఇవ్వాలి. సందేహాలకు 1097 జాతీయ సహాయవాణి ఉన్నది.

బడిలోనూ, కచేరీలోనూ తెలుగు కోసం మనం అడుగుతూనే ఉన్నాం. ప్రసూతి గదిలోనూ అడుగుదాం. అక్కడ ఆలస్యమైతే నష్టపోయేది ఒక పసిప్రాణం.