జనానికి ఎదురు కాస్తే అది ఇరుకు మార్గమా?



ఈ వారం అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల కోసం రాస్తున్నాను. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు కూడా చదవండి. "నాన్నా, ఈ నెల కొంచెం డబ్బు సర్దు" అని ఫోన్ వస్తే అది దేనికోసమో అడిగే ధైర్యం మీకు ఉండాలి.

అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనకు క్రికెట్ ఎంతో అంత. ఆగస్టు చివర మొదలైతే జనవరి దాకా శనివారాలన్నీ దానివే. 2018 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు ఆటల పందేలను ఆపే కేంద్ర చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తలుపు తెరుస్తూ వచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పందెం కాయాలంటే గడప కూడా దాటక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు.

మన పిల్లలు చెప్పే వాదన నాకు తెలుసు. "అయ్యగారూ, మేం గుడ్డిగా కాయడం లేదు. ఏ జట్టు మీద ఎంతమంది కాశారో శాతాలతో సహా చూపిస్తారు. జనం 80 శాతం అటుంటే మేం ఇటు కాస్తాం. గుంపు వెంట పోవద్దని మీరే కదా చెప్పారు?"

వాక్యాన్ని ఇంత తెలివిగా తిప్పడం అపవాదికి కొత్త కాదు, అరణ్యంలో ప్రభువు దగ్గరే ఆ పని చేశాడు. సరే, ముందు మీ లెక్కలోకే వస్తాను.

కంపెనీ మిమ్మల్ని ఎవరు గెలుస్తారని అడగదు. అలబామా 14 పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుందా, లేదా అని అడుగుతుంది. అలబామా 10 పాయింట్లతో గెలిస్తే అలబామా మీద కాసినవాడు ఓడినట్టే. మామూలుగా 110 డాలర్లు పెడితే గెలుపు 100. ఇలాంటి పందేలు వంద కాసి సరిగ్గా యాభై గెలిచారనుకోండి. వచ్చింది 5,000, పోయింది 5,500. సగం సార్లు మీ మాటే నిజమైనా 500 డాలర్లు పోయాయి. వందకు 52 గెలిచినా ఇంకా 80 డాలర్ల నష్టమే. 53వది గెలిస్తే గానీ ఒడ్డున పడరు. అది కూడా ఒక్క వారం కాదు, ఏళ్ల తరబడి.

ఇక ఆ 80 శాతం సంగతి. అది మనుషుల లెక్కా, డబ్బు లెక్కా? ఎనభై మంది తలా 10 డాలర్లు ఒక జట్టు మీద పెట్టారు: 800. ఇరవై మంది తలా 500 రెండో జట్టు మీద పెట్టారు: 10,000. తెర మీద "జనం 80 శాతం ఇటు" అని కనిపిస్తుంది. డబ్బు మాత్రం వందలో తొంభైకి పైగా అటుంది. దీనికీ వాళ్ల దగ్గర జవాబుంది. టికెట్లు ఒకవైపు, డబ్బు ఇంకోవైపు ఉంటే డబ్బు వెంట పో, అదే తెలివైనవాళ్ల దారి అంటారు. కానీ నాయనా, ఆ పెద్ద డబ్బు వచ్చినప్పుడే కంపెనీ తేడాను 14 నుంచి 13కో 12కో మార్చేసి ఉంటుంది. మీరు చూసే సమయానికి ఆ తెలివి ధరలో కలిసిపోయింది. జనానికి పేరున్న జట్లంటే మోజని, ఒహాయో స్టేట్, నోటర్ డామ్ పేరు చూస్తే చాలు కాసేస్తారని మీకే తెలిసినప్పుడు, రాత్రింబవళ్లు అదే పనిలో ఉన్న కంపెనీకి తెలియదా?

అసలు ఈ శాతాలు ఉచితంగా ఎందుకు ఇస్తున్నారో ఆలోచించారా? వాటిని చూపించే సైట్లలో చాలావాటికి కొత్త ఆటగాణ్ణి పంపినందుకు పందెం కంపెనీలే కమిషన్ ఇస్తాయి. ఇంకో మాట. నిలకడగా గెలిచేవాణ్ణి కంపెనీ గుర్తుపడుతుంది, ఇకనుంచి నువ్వు ఇంతకు మించి కాయకూడదని పరిమితి పెడుతుంది. గెలిచేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేవాడు మీకు మాత్రం గెలిచే మార్గం చూపిస్తాడా? సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో గుండాట పట్టా పరిచినవాణ్ణి చూడండి. ఏ బొమ్మ మీద ఎక్కువ మంది పెట్టారో మీకు వేలు పెట్టి చూపిస్తాడు కూడా. చూపించినందువల్ల వాడికేం పోదు.

లెక్క వదిలేసి మనసు సంగతి చెప్తాను, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. జనానికి ఎదురు కాయడమంటే ఆ ఎనభై మందీ మోసపోవాలని కోరుకోవడం. వాళ్లలో మీ రూమ్‌మేట్ ఉండొచ్చు, మీ పక్కన నిలబడి ఆరాధించేవాడు ఉండొచ్చు. వాడి జేబు ఖాళీ అయితేనే మీ జేబు నిండుతుంది. మన ప్రభువు చెప్పిన ఇరుకు ద్వారం పొరుగువాడి నష్టం మీదుగా పోదు. గుంపులోనివాడు ఆశతో పడతాడు. ఎదురు కాసేవాడు ఆశతో పాటు నేను వీళ్లకంటే తెలివైనవాణ్ణి అన్న గర్వంతో పడతాడు, అందుకే ఓడినా త్వరగా లేవడు. పద్ధతి మంచిదే, ఈ వారం కలిసి రాలేదంతే అంటాడు.

మత్తీయ కోసం అపొస్తలులు చీట్లు వేయలేదా అని అడిగేవారూ ఉన్నారు. వేశారు. అక్కడ ఎవరి డబ్బూ పోలేదు. డబ్బు విలువున్న వస్తువు కోసం చీట్లు వేసింది సిలువ కింద సైనికులు.

ఆడే పిల్లల గురించి కూడా ఒక్క మాట. చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఒక తన్ను గురి తప్పితే, పందెం పోయిందని ముక్కూ మొహం తెలియనివాళ్లు వాళ్ల ఫోన్లకు బూతులు, బెదిరింపులు పంపుతున్నారు. ఒక్కో ఆటగాడి మీద విడిగా కాసే పందేలను నిషేధించమని 2024లో కాలేజీ క్రీడల సంస్థ అధ్యక్షుడు చార్లీ బేకర్ రాష్ట్రాలను అడగాల్సి వచ్చింది.

ఇప్పటికే చిక్కుకున్న బిడ్డలకు చెప్తున్నాను. యాప్ తీసేస్తే చాలదు, మళ్లీ వేసుకోవడం నిమిషం పని. పందేలకు అనుమతి ఉన్న చాలా రాష్ట్రాల్లో నన్ను ఆడనివ్వొద్దని మీరే పేరు రాయించుకునే జాబితా ఉంది. అందులో చేరితే ఆ రాష్ట్రంలో లైసెన్సున్న కంపెనీలు మీ పందెం తీసుకోకూడదు. ఈ శుక్రవారమే ఆ పని చేయండి. అప్పు ఎంతుందో ఇంట్లో చెప్పడానికి భయమైతే ముందు నాకు చెప్పండి, మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. మీకు మధ్యాహ్నం ఆటలు మొదలయ్యేసరికి ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నేను ఆదివారం వాక్యం సిద్ధం చేసుకుంటూ మెలకువగానే ఉంటాను.