పట్టణ ప్రణాళికలు - సొంత భూములు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములు పొలములలోనికి పెరుగుచున్నవి. టమాటా పండిన చేలలో ఇండ్ల స్థలముల హద్దురాళ్లు నాటబడుచున్నవి. ఈ పెరుగుదలకొక క్రమము కావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. చెరువు గర్భమున మేడలు లేచి, వంకలు పూడి, వాన కురిసిననాడు వీధులు మునుగుట ఎవరికిని సమ్మతము గాదు. అయితే ఆ క్రమమును నిర్ణయించువారెవరు, దాని భారమును మోయువారెవరు అనునవి వేరు ప్రశ్నలు. వీనికి తగిన సమాధానము మాకింకను లభింపలేదు.

2016 నాటి రాష్ట్ర చట్టముక్రింద 2019 లో పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ యేర్పడినది. పలమనేరునకును మదనపల్లెకును నడుమనున్న పుంగనూరును ఆ వ్యవస్థలోనిదే. ఇట్టి సంస్థల ముఖ్యాధికారము మాస్టరు ప్లాను. పటములో ఒక సర్వే నంబరునకు పచ్చరంగు పూసిన చాలును. అచ్చట లేఅవుటు వేయరాదు. పట్టా రైతు పేరనే యుండును, పాసుపుస్తకము రైతు పెట్టెలోనే యుండును, కాని కొనువాడు రాడు. వచ్చినను సగము ధర యడుగును. గట్టు కావలి చేను ఇండ్ల జోనులో పడినచో దాని యజమాని ఒక్క సంవత్సరములో భాగ్యవంతుడగును. ఇద్దరును ఒకే బావినీటితో వ్యవసాయము చేసినవారు. ఒకని నష్టమునకును ఒకని లాభమునకును కారణము కచేరీలో గీచిన గీత మాత్రమే. పటములో చూపిన రోడ్డు గీతల సంగతి ఇంకను కష్టము: రోడ్డు పడదు, పరిహారము రాదు, ఇల్లు కట్టుకొన వీలులేదు.

భూమిని తీసికొనక, తీసికొన్న ఫలమును మాత్రము పొందుటకు ప్రభుత్వమునకు హక్కు గలదా? 1978 నాటి 44వ సవరణచే ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులనుండి తొలగింపబడినను, చట్టబలము లేక ఎవరి ఆస్తిని హరింపరాదను 300-ఏ అధికరణము నిలిచియే యున్నది. పూనా నగరమున ఉద్యానవనమునకై ప్రైవేటు స్థలమును కేటాయించిన వ్యవహారములో, ఆ స్థలమును సేకరింపకయే యజమానిని దాని యనుభవమునకు దూరము చేయరాదని సుప్రీముకోర్టు 2005 లో తీర్పు చెప్పినది. మహారాష్ట్రమున 1966 నాటి చట్టము మరియొక మేలు చేసినది: కేటాయించిన భూమిని పదియేండ్లలో సేకరింపనిచో యజమాని నోటీసు నీయవచ్చును, ఆపై గడువులోను కదలిక లేనిచో కేటాయింపు రద్దగును. అమెరికా సుప్రీముకోర్టు సయితము 1926 లో జోనుల విధానమును సమర్థించినదే గాని, అంతకు నాలుగేండ్లముందే, నియంత్రణము హద్దు మీరినచో అది స్వాధీనము చేసికొనుటయే యని తేల్చియుండెను.

అంత దూరము పోనేల? చెన్నపురి ప్రభుత్వము 1920 లో చేసిన పట్టణ ప్రణాళికా చట్టముననే ప్రణాళికవలన నష్టపడినవానికి పరిహారమును, విలువ పెరిగినవానినుండి కొంత చందాయును విధింపబడినవి. పరాయి ప్రభుత్వమునకు తోచిన ఈ న్యాయము మనవారికి తోచకపోవుట వింత.

కామారెడ్డి అనుభవము మరువరానిది. అచ్చటి ముసాయిదా మాస్టరు ప్లానులో తమ పొలములు పారిశ్రామిక జోనులో చేరెనని రైతులు 2023 జనవరిలో వీధులకెక్కిరి. ఆ నెల 20వ తేదీన పురపాలక సంఘమే ముసాయిదా వలదని తీర్మానించినది. జగిత్యాలయు అట్లే చేసినది. ఓట్లడుగవలసినవారు గనుక కౌన్సిలర్లు వినిరి. 1992 నాటి 74వ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణమును పురపాలక సంఘముల పనులలో చేర్చినది. పనిని సంఘమునకు చూపి, అధికారమును ప్రభుత్వము నియమించు సంస్థ చేతిలో పెట్టుట ఏమి స్థానిక స్వపరిపాలనము? కుప్పము 2021 లో మొదటిసారి పురపాలక ఎన్నికలు జరుపుకొన్నది. ఆ యోటర్లకు తమ యూరి పటముపై మాట యుండవద్దా?

భూస్వాములైన మా పాఠకులకొక మాట. ఆస్తిహక్కు పేరిట ఏ నియమమును వలదనువారితో మేము లేము. చెరువులోనికి నీరు వచ్చు కాలువను మూసి ప్లాట్లుగా అమ్మువాడు పదిమంది ఆస్తిని హరించువాడే. చెరువు, వంక, శ్మశానము, దారి వీనిని కాపాడు నియమములకు ఎవరును పరిహారము కోరరాదు. పొరుగువాని ధర తగ్గి తన ధర పెరిగినవాడు చందా యిచ్చుటకు వెనుదీయరాదు.

ఒకని పొలమును అందరి పచ్చదనమునకై ఆపదలచినచో దానికి వెల కట్టవలెను, లేదా గడువులోపల విడువవలెను. ఈ మూడు పట్టణముల కౌన్సిళ్లును, చుట్టుపట్ల పంచాయతీలును తీర్మానింపనిదే ఏ ప్లానును ఖాయము చేయరాదు. ముసాయిదాను సర్వే నంబర్లతో తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయమునను అంటింపవలెను. కుప్పము సరిహద్దు గ్రామములలో తమిళమునను ప్రకటింపవలెను.