టైటిల్స్‌లో కనబడని పనసచెట్టు

మన సినిమా హీరో చేతికి గిటారు వచ్చి చాలా ఏళ్ళయింది. కొండమీద నిలబడి ఒక పాట, కాలేజీ వార్షికోత్సవంలో ఒక పాట, హీరోయిన్ పుట్టినరోజు పార్టీలో ఇంకో పాట. హీరోగారి వేళ్ళు తీగలమీద సరిగ్గా పడుతున్నాయా లేదా అని కనిపెట్టి నవ్వుకునే గడుసువాళ్ళు నేల క్లాసులో కూడా ఉండేవారు. కానీ ఆ గిటారు ఏ చెట్టు నుంచి వచ్చింది అని అడిగినవాళ్ళు తక్కువ. ఈ వారం మనం ఆ ప్రశ్నే అడుగుదాం. అలా అడుగుతూ అడుగుతూ నూజివీడు దాకా వెళదాం. కంగారుపడకండి, దారి ఉంది.

ముందు గిటారు సంగతి. నైలాన్ తీగలు కట్టి, వేలిగోళ్ళతో మీటే గిటారును క్లాసికల్ గిటారు అంటారు. మన ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, జి.కె.వెంకటేష్ దగ్గర గిటారు వాయించారు. ఆయన పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య గిటారు ఎందుకంత హాయిగా పలుకుతుందో ఇప్పుడు అర్థమైంది కదా!

ఈ గిటారును ఇప్పుడు మనం చూస్తున్న ఆకారానికి తెచ్చినవాడు స్పెయిన్ దేశస్థుడు ఆంటోనియో దె టోరెస్. 1817లో పుట్టి 1892లో పోయాడు. ఈయనకు ఒక పట్టుదల ఉండేది. గిటారు గొంతంతా పైపలకలోనే ఉంది, పక్కలూ వెనకా ఏవైనా ఫర్వాలేదు అని. మాటలతో సరిపెట్టుకోలేదు. 1862లో పక్కలకూ వెనకకూ చెక్క మానేసి, కాగితపు అట్ట పెట్టి ఒక గిటారు చేశాడు. పైపలక మాత్రం మంచి స్ప్రూస్ చెక్క. అది పలికింది! ఆ అట్ట గిటారు ఈనాటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది.

స్ప్రూస్ అనేది చలిదేశాల చెట్టు. సూదుల్లాంటి ఆకులు, నెమ్మదిగా పెరుగుదల, చెక్కలో దువ్వెన పళ్ళలాగా దగ్గర దగ్గర గీతలు. దాన్ని రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందానికి చిత్రిక పడతారు. అట్టముక్కంత పలచన అన్నమాట. ఆ పలచటి పలక ఆరు తీగల బిగువును, అంటే సుమారు నలభై కిలోల లాగుడును, ఏళ్ళ తరబడి ఓర్చుకుంటూ పాడాలి. లోపల సన్నటి బద్దలు విసనకర్రలాగా అంటించేది అందుకే.

మరి పక్కలకూ వెనకకూ? అట్ట పెట్టి టోరెస్ తన మాట నిరూపించుకున్నాడు గానీ, పనివాళ్ళందరూ వాడేది గట్టిచెక్కే. ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు పేరు. నరికి నరికి ఆ చెట్టు అంతరించే దాకా వచ్చింది. 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు. దానికంటే ముందే, 1960ల చివరినుంచే, గిటారు చేసేవాళ్ళ చూపు మన దేశంవైపు తిరిగింది. మన జిట్రేగి ఉంది చూడండి, కొన్నిచోట్ల ఇరుగుడు అంటారు, మన తాతల కాలపు మంచాలూ బీరువాలూ చేసిన నల్లటి చెక్క, అదే ఇండియన్ రోజ్‌వుడ్! పడమటి కనుమల్లో పుట్టి ఓడెక్కి వెళ్ళి, స్పెయిన్‌లో గిటారై, తిరిగి మన మ్యూజిక్ షాపు అద్దాల వెనక నిలబడుతుంది. 2017 జనవరినుంచి ఈ జాతి చెట్లన్నిటి వ్యాపారానికీ అంతర్జాతీయ అనుమతి కాగితాలు కావాలన్నారు. వాద్యాలమ్మేవాళ్ళు గగ్గోలు పెడితే 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఒక చెక్క గురించి దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయంటే దాని విలువ ఎంతో మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఇంటికొద్దాం. బెజవాడ నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తే నూజివీడు. డెల్టా వరిపొలాలు వెనకబడిపోయి, ఎర్రనేల మామిడితోటలు మొదలయ్యే చోటు. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 విభజనలో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. నూజివీడు అనగానే మీ నోట్లో నీళ్ళూరాయని నాకు తెలుసు. రసాలు, చెరకు రసాల పేరు అలాంటిది. కానీ సంగీతం తెలిసినవాళ్ళను అడగండి. నూజివీడు అంటే వీణ అంటారు. పండు మామిడిది, పాట మాత్రం పనసచెట్టుది.

అవును, వీణ పనసచెక్కతో చేస్తారు. దీనికీ కారణం ఉంది. బెజవాడ పక్కనే కొండపల్లి ఉంది కదా, అక్కడ బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడతారు. దూదిలాగా తేలిక, ఉలికి లొంగుతుంది. బొమ్మకు అది చాలు, పాడక్కర్లేదు కనుక. పాడాల్సిన చెక్కకు కొంత బరువుండాలి, కొంత గట్టితనం ఉండాలి, పురుగు పట్టకూడదు, తొలిచేటప్పుడు పగలకూడదు. పనసకు ఇవన్నీ ఉన్నాయి. మృదంగానికి కూడా పనసే వాడేది ఇందుకే. అయితే లేతచెట్టు పనికిరాదు. లోపల చేవ తేలాలి. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండే ఆ చేవ ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబారి, మిఠాయి పాకం రంగుకొస్తుంది.

దుంగ కొన్నాక మొదటి పని ఏమిటో చెప్పమంటారా? ఏమీ చెయ్యకపోవడం! నీడలో పెట్టి ఆరనివ్వాలి. తొందరపడి పచ్చిచెక్కతో వీణ చేస్తే రోహిణికార్తె ఎండకు బీటలిస్తుంది, శ్రావణమాసం చెమ్మకు ఉబ్బుతుంది. మన కృష్ణాతీరం గాలి సంగతి మీకు చెప్పాలా? కాబట్టి పనివాడు డబ్బుపెట్టి కొన్న దుంగను కళ్ళెదురుగా పెట్టుకుని నెలల తరబడి కాచుకోవాలి. వడ్డీ మాత్రం కాచుకోదు.

ఆ తర్వాత బాడిస, ఉలి, చిత్రిక. కింద పెద్ద కుండ తొలవాలి, పొడుగాటి దండి తీర్చాలి, కొసన యాళిముఖం చెక్కాలి. మూడూ ఒకే దుంగలో తీస్తే అది ఏకాండి వీణ. ఉత్తరాంధ్రలో బొబ్బిలి వీణకు పేరు వచ్చింది ఈ పనివల్లే, దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కుండమీద పలక మూసి, పలకమీద గుర్రం నిలబెట్టి, గుర్రంమీద లోహపు రేకు పరుస్తారు. ఈ రేకు చదునుగా ఉండదు, మధ్య కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. తీగ దాన్ని రాసుకుంటూ కంపిస్తుంది. వీణ నాదంలో ఆ మెరుపు, ఆ జీర అక్కడిదే. మన విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1921లో వీణ, తంబూరాల గుర్రాలమీద పరిశోధన వ్యాసం రాశారు. తీగను ఏ చోట మీటితే ఏ స్వరాంశం వినబడకూడదని పాశ్చాత్య శాస్త్రం చెప్పిందో, మన వీణమీద అదీ నిక్షేపంగా వినబడుతోందని తేల్చారు. నోబెల్ బహుమతికి తొమ్మిదేళ్ళ ముందు మాట ఇది. ఆ వంపు తీర్చిన చేతులు ఏ కాలేజీలోనూ భౌతికశాస్త్రం చదవలేదు.

ఇక అసలు పరీక్ష మేళం కట్టడం. వీణకు ఇరవై నాలుగు మెట్లు. తేనెమైనంలో నల్లపొడి కలిపి, కరిగించి, దండిమీద గట్టులాగా పోసి, అందులో ఇత్తడి మెట్లు ఒక్కొక్కటీ కూర్చాలి. కొలబద్ద కొంతవరకే సాయం చేస్తుంది, మిగతాదంతా చెవి చెప్పాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పు. పైగా మైనం కదా, ఎండకు మెత్తబడుతుంది. కొన్నేళ్ళకోసారి మేళం మళ్ళీ కట్టించుకోవాల్సిందే. అప్పుడు వీణ మళ్ళీ పనివాడి దగ్గరికే రావాలి. అలా వచ్చినప్పుడు ఆ పనివాడు, లేదా ఆయన పని నేర్చినవాడు, అక్కడ ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

సినిమాకూ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. మన నిమ్మకూరు బిడ్డ ఎన్.టి.రామారావు 1961లో 'సీతారామ కల్యాణం' తీసి, తానే రావణుడై వీణ వాయించే సన్నివేశంలో నటించారు. పేగులు తీగలు చేసి పాడిన రావణుడి కథకు మన జనం ఆనాడు పరవశించారు. వీణావిద్వాంసుడు ఈమని శంకరశాస్త్రిగారు మద్రాసు జెమిని స్టూడియోలో పనిచేశారు. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, 1949 నాటి 'లైలా మజ్ను'లో బాలనటుడు! తర్వాత ఏళ్ళ తరబడి సినిమా వాద్యబృందాల్లో వీణ వాయించి, ఆపైన కచేరీలతో దేశదేశాలు తిరిగారు. ఆయన 'కొమ్మలో కోయిల' రికార్డు మోగని తెలుగు ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. 1988లో చిరంజీవి 'రుద్రవీణ' వచ్చింది. వీణ అనే మాట పోస్టర్‌మీద కనబడితేనే గౌరవం అనిపించిన రోజులవి.

ఇప్పుడో? రికార్డింగ్‌లో వీణ కావాలంటే కీబోర్డులో ఒక మీట నొక్కితే చాలు. దీనికి నిర్మాతను తిట్టి లాభం లేదు. ఆయన లెక్క ఆయనది. పాట రేపు సాయంత్రానికి కావాలి, నాలుగు సెకన్ల వీణ ముక్క కోసం విద్వాంసుణ్ణి పిలిపించి, శ్రుతి చేయించి, మైకు పెట్టి... అంత తీరిక ఎవరికుంది? నిజమే. కానీ ఆ మీట వెనకున్న నాదం ఎక్కడినుంచి వచ్చింది? ఎవరో ఒక విద్వాంసుడు నిజమైన వీణను మీటితే దాన్ని ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి యంత్రంలో దాచారు. అంటే కీబోర్డు వీణకు కూడా తల్లి ఒక పనసచెట్టే. పైగా వీణలో తీగను మెట్టుమీద పక్కకు లాగి పలికించే గమకం ఉంది చూశారా, ఆ లాగుడులో వేలికీ చెక్కకూ మధ్య జరిగే బేరం మీటకు అంత సులువుగా పట్టుబడదు. మంచి సంగీత దర్శకులకు ఇది తెలుసు. అందుకే ఇప్పటికీ అసలైన వీణ కావాల్సిన చోట అసలైన వీణనే పిలుస్తారు.

ఇంకో విచిత్రం చెప్తాను. వీణ చేసేవాళ్ళలో చాలామందికి ఇవాళ ఆసరా ఏమిటో తెలుసా? జ్ఞాపికలు! సన్మానసభల్లో శాలువాతోపాటు చేతికిచ్చే అడుగు పొడుగు బుల్లి వీణ. బొబ్బిలి పనివాళ్ళు ఇవి చేయడంలో చెయ్యి తిరిగినవాళ్ళు. అందంగా ఉంటుంది, గాజుపెట్టెలో కూర్చుంటుంది, పలకదు. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, అది కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తోంది. కానీ బుల్లి వీణకు చేవదేరిన దుంగ అక్కర్లేదు, నెలల తరబడి ఆరబెట్టక్కర్లేదు, మేళం కట్టక్కర్లేదు. పదేళ్ళపాటు బుల్లి వీణలే చేసిన కుర్రవాడికి చెయ్యి మిగులుతుంది, చెవి మిగలదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. మీ చెల్లెలి వీణ మేళం సడలిన రోజున, దాన్ని తీసుకుని ఎవరి దగ్గరికి వెళతారు?

చెక్క సంగతీ ఇంతే. పనస మన దగ్గర ఎక్కువగా పెరట్లో పెంచుకునే చెట్టు. కాయలు కాసే చెట్టును రైతు ఊరికే కొట్టనివ్వడు. కొట్టినా ద్వారబంధాలవాళ్ళు, సామాను చేసేవాళ్ళు, మృదంగాలవాళ్ళు, వీణలవాళ్ళు అందరూ ఒకే దుంగమీద చెయ్యి వేస్తారు. ఎక్కువ ధర పెట్టగలిగేది ఎవరో ఊహించుకోండి. ఇవాళ నాటిన పనసమొక్క చేవ తేలి వీణ అయ్యేసరికి మీ పిల్లలు కాలేజీకి వెళతారు. ఆ లెక్కన రేపటి వీణల చెట్లు ఈపాటికే పెరట్లో నిలబడి ఉండాలి.

గిటారు కొనే కుర్రకారును గమనించండి. పైపలక స్ప్రూసా, సీడారా? వెనక రోజ్‌వుడ్డా? ఎవరు చేశారు, ఏ ఊళ్ళో చేశారు? అన్నీ అడుగుతారు, తప్పులేదు, అడగాల్సిందే. విదేశాల్లో చేతితో చేసిన గిటారు లోపల చేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం రాసిన చీటీ అంటించి ఉంటుంది. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే కనబడుతుంది. అలాంటి చీటీ మన వీణలోనూ ఎందుకు ఉండకూడదు? ఈ రోజుల్లో మీలో చాలామంది సొంతంగా పాటలు రికార్డు చేసి లోకం మీదికి వదులుతున్నారు. పాట కింద రాసిన వాడి పేరు, పాడిన వాడి పేరు, మిక్సింగ్ చేసిన వాడి పేరు వేస్తున్నారు. వీణ ఉంటే వాయించినవారి పేరు వెయ్యండి. దాని పక్కనే వీణ ఎక్కడ చేశారో ఒక్క మాట, 'నూజివీడు' అనో 'బొబ్బిలి' అనో, చేర్చండి. ఖర్చు లేని పని. ఆ ఒక్క మాట చదివి ఎవరైనా ఆ ఊరివైపు వెళితే, అక్కడ ఆరుతున్న దుంగకు ఒక కొనుగోలుదారు దొరుకుతాడు.

ఈసారి రసాల కోసం నూజివీడు వెళ్ళినప్పుడు, బుట్ట కారులో పెట్టించి, వీణలు చేసేచోటు ఎక్కడని అడిగి చూడండి. కొనకపోయినా ఫర్వాలేదు. ఒకసారి తీగ మీటించుకుని వినండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.